తీసేసిన ప్రశ్న

సోమవారం పొద్దున ఆమె లాబ్‌లోకి వచ్చేసరికి స్టోర్సు మనిషి ఒకడు, బాబాయ్ బల్ల మీది దీపం విప్పుతున్నాడు. మామూలు దీపం కాదది. మధ్యలో గుండ్రటి భూతద్దం, దాని చుట్టూ తెల్లటి వెలుగు, ఎటు కావాలంటే అటు వంగే పొడుగాటి చెయ్యి. బాబాయ్ పక్కనే నిలబడి, ఊడిన మరలు ఎక్కడ దొర్లిపోతాయోనని అరచెయ్యి చాపి ఒక్కొక్కటే అందుకుంటున్నాడు. ఎవరింట్లోనో సామాను సర్దడానికి సాయం వచ్చినవాడిలా ఉన్నాడు తప్ప, తన బల్లే ఖాళీ అవుతున్న మనిషిలా లేడు.

"ఏంటి బాబాయ్ ఇదంతా?" అంది ఆమె.

"ఏం లేదమ్మా. కొన్నాళ్ళు స్టోర్సులో చూసుకోమన్నారు. కూర్చుని చేసే పని. నాకూ నడుం నొప్పి కదా."

ఆరేళ్ళుగా పక్కపక్కన పనిచేస్తున్నారు. ఆయనకి నడుం నొప్పి ఉందని ఆమె వినడం ఇదే మొదలు.

పద్నాలుగు మంది ఉన్న ఆ చిన్న కంపెనీలో ఆయన అందరికీ బాబాయే. ఆయనకంటే అయిదేళ్ళు మాత్రమే చిన్నవాడైన మేనేజరు కూడా అలాగే పిలుస్తాడు. ఆమెను మాత్రం డ్రైవరమ్మ అంటారు. కొత్తగా చేరినవాళ్ళు ఆవిడ ఏ బండి నడుపుతుందని ఆరా తీయడం, తతిమ్మావాళ్ళు ముసిముసిగా నవ్వుకోవడం అక్కడ మామూలే. కంప్యూటర్లో గుచ్చిన బోర్డుకీ కంప్యూటరుకీ మాట కలిపే ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. అది రాయడం ఆమె పని. ఆ బోర్డు మీద చిప్పుల్ని టంకం పెట్టి అతకడం బాబాయ్ పని.

వాళ్ళు చేసేది కంటి లోపలి పొరను బొమ్మ తీసే యంత్రం. కెమెరా చూసినదాన్ని బోర్డు మీదున్న ఎఫ్‌పీజీఏ అనే పెద్ద చిప్పు పట్టుకుని, బోర్డుల నుంచి కంప్యూటరు లోపలికి వెళ్ళే పీసీఐ అనే దారి గుండా తనంతట తానే కంప్యూటరు మెమొరీలో రాసేస్తుంది. రాయడం అయ్యాక గంట కొట్టినట్టు ఒక సంకేతం పంపుతుంది. అది వినగానే డ్రైవర్ లేచి, మెమొరీలోని బొమ్మను తీసి తెర మీద పెడుతుంది. సెకనుకి ముప్ఫై బొమ్మలు. అంతా సవ్యంగానే ఉంది గాని, రెండు నెలలుగా వేలల్లో ఒక బొమ్మకి కింది అంచున, కుడి చివర సన్నటి చార పడుతోంది. పరీక్షకని యంత్రాన్ని పెట్టుకున్న కంటాసుపత్రి వాళ్ళే ముందు చూశారు. చార చిన్నదే, కానీ కంటి బొమ్మలో చిన్నదని వదిలేయడానికి ఏముంటుంది?

వదులు అతుకు లక్షణమే అది అన్నాడు మేనేజరు. ఎప్పుడో వస్తుంది, చూద్దామంటే దాక్కుంటుంది. అందరికీ నిజమే అనిపించింది. ఆ ఎఫ్‌పీజీఏ చిప్పుకి నాలుగు వైపులా కలిపి రెండు వందల ఎనిమిది కాళ్ళు, వెంట్రుకల్లా ఉంటాయి. బాబాయ్ దాన్ని జెర్రి అంటాడు. మూడుసార్లు పాత టంకం తీసేసి, రాగి అల్లికతో తుడిచి, ఒక్కో కాలూ మళ్ళీ అతికాడు. మూడుసార్లూ చార వచ్చింది. పోయిన వారం మీటింగులో ఆయనే తలవంచుకుని, "నా చేతి వల్లే అయ్యుంటుంది సార్, బయట చేయించండి," అన్నాడు. అప్పుడు ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది. ఏమీ అనలేదు. ఆమె కూడా అలాగే అనుకుంది.

ఇప్పుడు దీపం అట్టపెట్టెలోకి వెళ్ళిపోయింది. బాబాయ్ అరచేతిలోని నాలుగు మరల్ని ఒక కాగితంలో పొట్లం కట్టి, పెట్టె లోపల వేశాడు.

"ఇవి పోతే మళ్ళీ దొరకవు," అన్నాడు స్టోర్సు మనిషితో.

*

బయట యంత్రాల మీద చేయించిన కొత్త బోర్డు ఆ మధ్యాహ్నమే వచ్చింది. మేనేజరే స్వయంగా స్లాటులో గుచ్చాడు. బల్ల మీద పరీక్ష కన్ను ఒకటి ఉంటుంది. నిమ్మకాయంత ప్లాస్టిక్ బంతి, లోపల ఎర్రటి నరాలు గీసి ఉంటాయి, కింద చిన్న మోటారు దాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఉంటుంది. దాన్ని రెండు గంటలు చూపించారు. ఒక్క చార కూడా రాలేదు.

"చూశారా, నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా," అన్నాడు మేనేజరు. ఆయన మొహంలో అంత నవ్వు చూసి చాలా రోజులైంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నిజం చెప్పాలంటే ఆమె కూడా.

సాయంత్రం టీ వేళకి బాబాయ్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. లోపలికి రావడానికి ఎవరి అనుమతో కావాలన్నట్టు నిలబడ్డాడు.

"ఆగిందా అమ్మా?"

"ఆగింది బాబాయ్."

"హమ్మయ్య," అన్నాడు. ఆ మాట పైపైన అన్నది కాదు, మనసులోంచి వచ్చింది. "పోనీలే. నా మూలంగా ఆసుపత్రి వాళ్ళ దగ్గర మీకందరికీ రాబోయిన మాట తప్పింది."

ఆయన వెళ్ళిపోయాక ఆమె టీ తాగలేకపోయింది. ఎందుకో అప్పటికి ఆమెకే తెలియదు.

*

మంగళవారం ఆమె పరీక్ష మళ్ళీ మొదటినుంచి పెట్టింది. ముందురోజు తొందరలో బొమ్మల్ని తెర మీద చూపించారు తప్ప డిస్కులో రికార్డు చేయలేదు. ఆసుపత్రిలో అయితే రికార్డింగు ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, లెక్క తేల్చే ప్రోగ్రామునీ నడిపి, వేరే పనిలో పడింది.

పదకొండున్నరకి ప్రోగ్రాము కూత పెట్టింది. తెర మీద ఆగిన బొమ్మలో కింది అంచున, కుడి చివర, చార.

బయట యంత్రం చేసిన బోర్డు మీద. బాబాయ్ చెయ్యి సోకని బోర్డు మీద.

 ఆమె చెయ్యి అలవాటుగా మౌసు మీదికి వెళ్ళి, ఆ చారను పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. రెండు నెలలుగా అందరూ చారను లెక్కపెట్టారు గాని దాని లోపలికి చూసినవాళ్ళు లేరు. అందులో చెత్త లేదు. శుభ్రంగా, నున్నగా, ఒక ఎర్రటి నరం ముక్క ఉంది. పక్కనున్న నరంతో కలవకుండా కొంచెం జరిగి ఉంది, అంతే. ప్లాస్టిక్ కన్ను తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఏ నరం ఎప్పుడు ఎక్కడుందో వెతకడం తేలిక. వెనక్కి వెళ్ళి చూసింది. సరిగ్గా నాలుగు బొమ్మల కిందట ఆ నరం అక్కడే ఉంది.

మెమొరీలో బొమ్మలు పెట్టుకోవడానికి ఉన్న గదులు నాలుగు. నాలుగూ నిండాక మళ్ళీ మొదటి గదిలోనే కొత్త బొమ్మ రాస్తారు. అంటే చార అనేది పాడైన బొమ్మ కాదు. ఆ గదిలో చివరి మూల ఇంకా కొత్త బొమ్మ చేరకముందే డ్రైవర్ వెళ్ళి తీసేసుకుంది. అక్కడ పాత బొమ్మే మిగిలి ఉంది. వదులు అతుకు బొమ్మను పాడు చేస్తుంది గాని, నాలుగు బొమ్మల కిందటి నరాన్ని తెచ్చి పెట్టదు. ఈ ఒక్క మాట రెండు నెలల కిందట ఆమె అనుకుని ఉంటే బాబాయ్ టంకం జోలికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

ఆమె డ్రైవర్ ప్రోగ్రాము పాత ప్రతుల్ని తెరిచింది. ఆమెకు తెలుసు ఎక్కడికి వెళ్ళాలో, అయినా నిదానంగా వెళ్ళింది. చార రావడం మొదలైన వారం కంటే ముందు వారం. కింద రాసిన వ్యాఖ్య ఆమెదే: అనవసరమైన రీడ్ తీసేశాను, వేగం పెరిగింది.

ఆ తీసేసిన లైను ఒక ప్రశ్న. సంకేతం రాగానే డ్రైవర్ బోర్డుని అడిగేది, గంట కొట్టింది నువ్వేనా అని. ఒకే తీగ మీద నలుగురు గంట కొట్టే కంప్యూటర్లలో ఆ ప్రశ్న కావాలి. వీళ్ళ యంత్రంలో ఆ తీగ మీద ఇంకెవరూ లేరు. జవాబు ఎప్పుడూ అవుననే. ఆ జవాబుని వాడుకునేవాళ్ళు కూడా లేరు. పైగా బోర్డు దాకా వెళ్ళి రావాలంటే ప్రాసెసరు ఊరికే కాచుకుని కూర్చోవాలి. అందుకే ఆమె ఆ లైను తీసేసింది. అప్పుడు మేనేజరు అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. బాబాయ్ కూడా కొట్టాడు, టంకం కర్ర స్టాండులో పెట్టేసి మరీ.

గంట వచ్చేది వేరే తీగ మీద. బొమ్మ వచ్చేది పీసీఐ దారి మీద, అందరితో పాటు, మధ్యలో దారుల్ని కలిపే వంతెన చిప్పు దగ్గర ఆగి ఆగి. డిస్కు కూడా దారి మీద ఉంటే ఇంకా ఆలస్యం. బోర్డు మాత్రం తన వంతు పంపేశాను కదా అని గంట కొట్టేస్తుంది. గంట ముందొస్తుంది, బొమ్మ తోక ఇంకా దారిలోనే ఉంటుంది. ఆ పనికిరాని ప్రశ్న అడిగినప్పుడు జవాబు కూడా అదే దారిలో, బొమ్మ వెనకాలే రావాలి. ముందున్నదాన్ని దాటుకుని రావడం పీసీఐలో కుదరదు. జవాబు వచ్చిందంటే దాని ముందున్న బొమ్మంతా చేరినట్టే. ఆ ప్రశ్న అడగడంలో ఉంది ప్రయోజనం, జవాబులో లేదు.

ఇది ఆమెకి తెలియని సంగతి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో చదివింది, ఒకరిద్దరికి చెప్పింది కూడా. తెలిసుండీ తీసేసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. 

తర్వాత ఆ లైను తిరిగి పెట్టింది. సాయంత్రం దాకా రికార్డింగుతో నడిపింది. చార రాలేదు.

*

బుధవారం పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన వింటూ వింటూ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"లైను పెట్టేశావుగా."

"పెట్టాను సార్."

"ఇంక రావడం లేదుగా."

"లేదు."

"మరింకేం. కొత్త బోర్డుతో పాటు డ్రైవర్ కూడా కొత్తది పంపుదాం. అయిపోయినదాన్ని తవ్వుకోవడం దేనికి?" గొంతు తగ్గించాడు. "డ్రైవర్‌లో తప్పని వాళ్ళకి రాస్తే పరీక్షలన్నీ మొదట్నుంచీ చేయమంటారు. నాలుగు నెలలు. నీ పేరు కూడా పాడవుతుంది, ఆలోచించు."

"మరి బాబాయ్ సంగతి?"

"ఆయనే ఒప్పుకున్నాడు కదమ్మా. నేనేమన్నా బలవంతం చేశానా? వయసు కూడా వచ్చింది. స్టోర్సులో హాయిగా ఉంటాడు."

ఆయన చెడ్డవాడు కాదు. నాలుగు నెలలు అన్నప్పుడు ఆయన కళ్ళలో కనిపించింది భయమే. అది ఆమెకు అర్థమైంది కాబట్టే పోట్లాడలేక లేచి వచ్చేసింది. మెట్ల దగ్గర నిలబడి ఆలోచించింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. బాబాయ్‌కి కూడా తెలియదు. తెలియదు అన్న మాట దగ్గరికొచ్చేసరికి ఆమె మెట్లు దిగడం మొదలుపెట్టింది.

స్టోర్సు కింది అంతస్తులో, కిటికీ లేని గది. బాబాయ్ ఒక ట్రేలో వాషర్లు సైజుల వారీగా ఏరుతున్నాడు.

"పాత బోర్డు కావాలి బాబాయ్."

"అది తుక్కులో పడేశామమ్మా. దాంతో ఏం పని?"

"కొలవాల్సింది ఒకటుంది."

ఆయన అడుగు అరలోంచి తీశాడు. దాని మీద చీటీ అంటించి ఉంది, ఆయన గుండ్రటి అక్షరాలతోనే: టంకం లోపం, వాడొద్దు. తుక్కే అయినా అంచులు పట్టుకునే తీశాడు, మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, సంచిలో పెట్టి బల్ల మీద ఉంచాడు. చెప్పేద్దామని ఆమెకు నోటిదాకా వచ్చింది. కానీ ఉత్త మాటగా చెబితే ఓదార్చడానికి అంటున్నాననుకుంటాడు. ఆయన ఆరేళ్ళలో ఎవరి మాటా కొలవకుండా నమ్మలేదు, మీటరు పెట్టి కూత వింటేనే ఆయనకి అతుకు అతికినట్టు.

"థాంక్స్ బాబాయ్," అని తీసుకుని పైకి వచ్చింది.

ఆ మధ్యాహ్నం పన్నెండుకి పాత బోర్డు గుచ్చి, ప్రశ్న ఉన్న డ్రైవర్‌తో, రికార్డింగు పెట్టి వదిలేసింది. సాయంత్రం ఇంటికి వెళ్ళి వంట చేసింది, అమ్మతో మాట్లాడింది, మందులు వేసుకోమని గుర్తు చేసింది. "ఏమైందే, రెండోసారి ఉప్పు వేస్తున్నావు," అంది అమ్మ. గురువారం మధ్యాహ్నం పన్నెండుకి చూస్తే ఇరవై అయిదు లక్షల తొంభై రెండు వేల బొమ్మలు. చారలు సున్నా. అప్పుడు ప్రశ్న తీసేసి నడిపింది. నలభై నిమిషాల్లో చార వచ్చేసింది. కొత్త బోర్డు మీదా అంతే, తీస్తే వచ్చింది, పెడితే పోయింది.

ఉత్తరం రాసింది. ఆసుపత్రికి, మేనేజరుకి, ఆఫీసులో అందరికీ. లోపం నేను మార్చిన లైనులో ఉంది, బోర్డులో లేదు, టంకంలో అసలే లేదు. అంకెలు కింద ఇచ్చింది. పంపేముందు రెండుసార్లు చదివి, అసలే అన్న మాట తీసేద్దామనుకుని, మళ్ళీ ఉంచేసింది.

పది నిమిషాల్లో మేనేజరు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"నన్నొక మాట అడగాల్సింది."

"నిన్న అడిగాను సార్."

ఆయన బల్ల వైపు చూశాడు. పరీక్ష కన్ను గుండ్రంగా తిరుగుతోంది. "నాలుగు నెలలు," అన్నాడు తనలో తాను. తర్వాత, "బాబాయ్‌కి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నేను చెబుతాను."

"ఇవాళ రాలేదాయన. సెలవు పెట్టాడు," అని వెళ్ళిపోయాడు.

*

బాబాయ్ ఇల్లు మూడో అంతస్తు. గుమ్మం బయట చెప్పులు వరసగా ఉన్నాయి, తీగ మీద అరచేతంత చొక్కాలు ఆరేసి ఉన్నాయి. పిన్ని తలుపు తీసి, "రా అమ్మా, నువ్వేనా డ్రైవరమ్మవి," అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ముందు గదిలో మంచం మీద వాళ్ళమ్మాయి ఉంది, పక్కన తెల్లటి గుడ్డలో చుట్టిన పసిపాప.

"ఎన్ని రోజులు?" అని అడిగింది ఆమె, గొంతు దానంతటదే తగ్గిపోగా.

"రేపటికి పదమూడక్కా. కూర్చోండి. నాన్న వెనకాల గుడ్డలు మడతపెడుతున్నాడు. ఈ ఇంట్లో అన్ని పనులూ చేస్తాడు గాని మనవరాలిని మాత్రం ఇంతవరకు ఎత్తుకోలేదు. చేతులు తడిగా ఉన్నాయంటాడు, జలుబు చేసిందంటాడు, ఇప్పుడే బయట్నుంచి వచ్చానంటాడు. రోజుకో సాకు." అమ్మాయి నవ్వుతూనే చెప్పింది గాని కళ్ళు నవ్వలేదు. "ఆడపిల్లని బాధపడుతున్నాడేమోనని మా అత్తగారు అనేశారు కూడా."

"ఛ, ఆయన అలాంటివాడు కాదు," అంది పిన్ని. "ఏమైందో మరి. చెప్పి చావడు."

ఆమె కూర్చోబోతున్నది కూర్చోలేకపోయింది. ఎప్పటినుంచి అని అడగనక్కర్లేదు. ఈ పన్నెండు రోజుల్లోనే ఆ మీటింగు వచ్చింది, బల్ల పోయింది, వాషర్లు వచ్చాయి.

బాబాయ్ గుమ్మంలోకి వచ్చాడు, చేతుల నిండా మడతపెట్టిన గుడ్డలు. ఆమెను చూసి కంగారుపడ్డాడు.

"ఏమ్మా, మళ్ళీ వచ్చిందా చార?"

"వచ్చింది బాబాయ్. కొత్త బోర్డు మీద."

ఆయన గుడ్డలు మంచం మీద పెట్టేశాడు. ఆమె నిలబడే చెప్పింది. తీసేసిన ప్రశ్న, ముందొచ్చే గంట, వెనకొచ్చే బొమ్మ, నాలుగు బొమ్మల కిందటి నరం. ఎక్కడా తన పేరు దాచలేదు. తల్లీ కూతుళ్ళకి ఏమీ అర్థం కాకపోయినా ఇద్దరూ కదలకుండా విన్నారు.

"నా పాత బోర్డు మీద ఎన్ని నడిపావు?" అన్నాడాయన.

"ఇరవై అయిదు లక్షల తొంభై రెండు వేలు."

"రికార్డింగు పెట్టేనా?"

"పెట్టే."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా లేదు."

ఆయన కిటికీ వైపు చూశాడు. "భూతద్దంలో నాకు పగులు కనిపించిందమ్మా. నూట పదిహేడో కాలు దగ్గర. స్పష్టంగా చూశాను. అందుకే ఆ రోజు అలా అన్నాను."

"పగులు లేదు బాబాయ్. మూడుసార్లూ బాగానే అతికారు. అసలు మొదటిసారి అతికిందే బాగుంది."

"మొదటిసారిదే?"

"మొదటిసారిదే."

ఆయన తన చేతుల్ని చూసుకోలేదు. ఆమెనే చూశాడు, సూటిగా, ఆరేళ్ళలో ఎప్పుడూ చూడనంత సూటిగా.

"ఆ రోజు నువ్వు ఎదురుగానే కూర్చున్నావు."

"కూర్చున్నాను."

"ఒక్క మాట అనలేదు."

"అనలేదు బాబాయ్. నేనూ నమ్మేశాను. తప్పయిపోయింది."

ఆయన ఫరవాలేదని అనలేదు. ఏడవొద్దని కూడా అనలేదు, ఆమె ఏడుస్తోందని అప్పుడే అందరికీ తెలిసినా. లేచి వెనక వరండాలోకి వెళ్ళాడు. కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ తిరిగి వచ్చి, మంచం అంచున కూర్చున్నాడు.

"ఇటివ్వు," అన్నాడు కూతురితో.

అమ్మాయి తల్లి మొహం చూసింది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మెడ కింద చెయ్యి పెట్టు నాన్నా."

"నిన్ను పెంచలేదా ఏంటే నేను?" అంటూ రెండు చేతులూ చాపాడు.

ఒక చెయ్యి మెడ కిందికి, ఇంకొకటి నడుం కిందికి వెళ్ళాయి. గుడ్డ కూడా నలగలేదు. పాప కళ్ళు తెరిచి, మూతి ముడిచి, ఆయన చొక్కా గుండీ దగ్గర మొహం పెట్టుకుని మళ్ళీ నిద్రలోకి జారుకుంది. బాబాయ్ చేతులు అణువంతైనా కదల్లేదు.

"ఎప్పుడో ఎవరో పెట్టిన ప్రశ్న అది," అన్నాడు కాసేపటికి, పాప మీంచి చూపు తిప్పకుండానే. "ఎందుకుందో పక్కన రాసి ఉంటే నువ్వు తీసేదానివి కాదు కదమ్మా."

"తీసేదాన్ని కాదు బాబాయ్."

"మరి ఇప్పుడు రాశావా?"

"రాయలేదు."

"రేపు వెళ్ళగానే రాయి. ముందది చెయ్యి." ఆగి, "పొద్దున నేనూ వస్తాను," అన్నాడు.

పిన్ని టీ తెచ్చింది. ఆమె తాగింది, ఆయన గ్లాసు బల్ల మీదే చల్లారిపోయింది. పాపకి పాలు పట్టే వేళయిందని కూతురు రెండుసార్లు చేతులు చాపింది. ఆయన ఇవ్వలేదు.